రైలు సీను ఒక్కసారే తీశారు

హాంబుర్గ్,
9 ఫిబ్రవరి 1948

హెడా వదినకు,

నాకు ఉద్యోగం దొరికింది. నవ్వకు, సినిమాలో. ఫిల్ము ముక్కలు కత్తిరించి అతికించే పని అని చెప్పి చేర్చుకున్నారు. తీరా చేరాక బొత్తాలు కుట్టడం, టీ కాచడం, హీరోయిన్‌కి చలేస్తే నా శాలువా తీసి కప్పడం కూడా నా పనేనని తెలిసింది. ఆ శాలువా నువ్వు అల్లిందే. తెర మీద కనిపిస్తే గుర్తుపట్టి గర్వపడు.

సినిమా పేరు 'పదకొండో ప్లాట్‌ఫారం'. యుద్ధం అయిపోయాక ఒక సిపాయి తన ఊరు తిరిగొస్తాడు, తన వీధి ఎక్కడుందో కనిపెట్టలేక రెండు గంటల సేపు తిరుగుతాడు. ఇదేం కథ, మా గుమ్మం ముందు నిలబడితే రోజుకి నలుగురు ఇలాంటివాళ్ళు కనిపిస్తారు అన్నాను. మా దర్శకుడు విటె గారు కోప్పడలేదు. "అందుకే తీస్తున్నాను కేతె. ఊరంతా సెట్టింగే, ఒక్క ఫెనిగ్ అద్దె లేదు" అన్నారు. ఆయనకి ఉన్నవి ఒక కోటు, ఒక కెమెరా. కెమెరా తలుపు ఊడిపోతుంటే బూటు తాడుతో కట్టారు. ఫిల్ము కూడా ఎవరెవరి దగ్గరో మిగిలిన తోకలు ఏరుకొచ్చారు. అందుకని హీరో ఒక సందులోకి నల్లటి మేఘాల కింద నడిచి వెళ్ళి, అవతలివైపు పట్టపగల్లోకి తేలతాడు. కరెంటు రోజులో మూడు గంటలు ఉంటే గొప్ప. మంచు కావాల్సి వస్తే గోడ సున్నం చల్లుతున్నాం. అందరం దగ్గుతున్నాం.

ఇక అసలు సంగతి. వచ్చే నెల స్టేషన్ సీను తీస్తారు. ఖైదు నుంచి విడుదలైన సిపాయిలు రైలు దిగుతుంటే, ఆడవాళ్ళు తమ మనుషుల ఫొటోలు అంటించిన అట్టలు పైకెత్తి నిలబడతారు. మనం నిలబడినట్టే. అట్టలు కొత్తగా చేయించడానికి కంపెనీకి అట్టా లేదు, ఫొటో కాగితమూ లేదు. పనిచేసే ఆడవాళ్ళందరినీ ఎవరి ఇంట్లో అట్ట వాళ్ళని తెచ్చుకోమన్నారు. ఒక్కరు కూడా లేదనలేదు. అందరిళ్ళలోనూ ఉంది.

ఎర్విన్ అన్నయ్య అట్ట పంపించు. అమ్మ ఇవ్వనంటుంది, తెలుసు. ఇలా చెప్పు: ఈ బొమ్మ దేశంలో అన్ని ఊళ్ళలో ఆడుతుంది. అన్నయ్యతో పాటు ఉన్నవాడు ఎవడైనా ఎక్కడో ఒక హాల్లో కూర్చుని చూస్తే, గుర్తుపట్టి మనకి ఒక కార్డు ముక్క రాయకపోడు. మూడేళ్ళుగా మనం స్టేషన్లలో నిలబడి చూపించింది ఎంతమందికి? ఇది లక్షలమందికి చూపించినట్టు.

నీ
కేతె


గోస్లార్,
20 ఫిబ్రవరి 1948

కేతెకు,

అట్ట పంపుతున్నాను. అత్తయ్య దాన్ని తన దిండు గలీబులో పెట్టి, చుట్టూ కుట్టు వేసి ఇచ్చింది. ఆవిడ షరతులు రాయమంది, రాస్తున్నాను. ఒకటి, ఫొటో ఒక్కటే కాదు, కింద ఉన్న పేరు, దళం నంబరు కూడా తెర మీద చదివేలా ఉండాలి. రెండు, వేరే ఆడదాని చేతికి ఇవ్వకూడదు, నువ్వే పట్టుకోవాలి. "మనవాడి ఫొటో పట్టుకుని పక్కవాళ్ళ పిల్ల నవ్విందనుకో, నేను హాంబుర్గ్ దాకా నడిచొస్తాను" అంది.

అట్ట లేదని స్టేషన్‌కి వెళ్ళడం మానేసిందనుకున్నావా? మొన్న మంగళవారం రష్యా నుంచి బండి వస్తుందంటే మా పెళ్ళి ఫొటో పట్టుకుని వెళ్ళింది. దాంట్లో ఎర్విన్ తల సగం నా ముసుగు కిందే ఉంటుంది. అందరికీ వేలు పెట్టి చూపిస్తూ, "ఇదిగో, ఈ పక్క ఉన్నవాడు" అని చెప్పింది.

ఇక నా సంగతి. నీకు కాక ఎవరికి చెప్పుకోను? పై గదిలో ఉంటున్న బ్రూనో నీకు తెలుసు. సైలీషియా నుంచి జర్మన్లని తరిమేస్తే చేతిబండి మీద కూతురిని తోసుకుంటూ వచ్చిన మనిషి. హౌసింగు ఆఫీసువాళ్ళు మన ఇంట్లో పెట్టి రెండేళ్ళు దాటింది. పొయ్యిలు కట్టడంలో ఈ ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. పోయిన ఆదివారం నేను లాండ్రీ నుంచి వచ్చేసరికి వంటింట్లో నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. "ఫ్రౌ ఎబెలింగ్, రూర్‌లో గనుల దగ్గర పనివాళ్ళకి ఇళ్ళు ఇస్తున్నారు. ఈ సంవత్సరం చివరికల్లా వెళ్ళిపోదామనుకుంటున్నాను. మీరు రానంటే ఒక్కణ్ణే వెళ్తాను. వస్తానంటే సంతోషం" అన్నాడు. అంతే మాట్లాడాడు. అతని కూతురు ట్రౌడెల్ మెట్ల మీద కూర్చుని అంతా వింటోంది.

నాకు ముప్పై ఒకటి. ఎర్విన్‌తో నేను కాపరం చేసింది పదకొండు నెలలు, అందులో ఏడు నెలలు అతను సైన్యంలోనే ఉన్నాడు. బ్రూనో అంటే నాకు ఇష్టమే, దాచను. అయితే నేను విధవని అని కోర్టు కాగితం ఇస్తేగానీ పెళ్ళి కుదరదు. దానికి తల్లి కూడా రాసివ్వాలట. ఆ మాట అత్తయ్య ముందు ఎత్తాను. ఆవిడ బంగాళాదుంపల చెక్కు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "చచ్చాడని ఎవరు చూశారు? నువ్వు చూశావా?" అంది. లేదన్నాను. "మరి నేనెట్లా రాయను?" అంది.

నువ్వే చెప్పు, నేనేం చెయ్యను.

హెడా


హాంబుర్గ్,
21 మార్చి 1948

వదినా,

ఉత్తరం ఆలస్యమైంది. ఒంట్లో బాగోలేదు.

స్టేషన్ సీను అయిపోయింది. రైల్వేవాళ్ళు బండిని పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, ఒక్కసారికే ఇచ్చారు. ఫిల్ము కూడా ఒక్కసారికి సరిపడానే ఉంది. బాగా వచ్చిందని విటె గారు సంతోషించారు. అట్ట నేనే పట్టుకున్నానని అమ్మకి చెప్పు. భద్రంగా ఉంది.

బ్రూనో విషయం. చేసుకో వదినా. కోర్టులో దరఖాస్తు పెట్టు. నా వాంగ్మూలం కావాలంటే రాసిస్తాను. అమ్మ ఒప్పుకునేలా చూడు. ఎదురు చూసింది చాలు.

కేతె


గోస్లార్,
11 ఏప్రిల్ 1948

కేతెకు,

నీ ఉత్తరం చదివి, ఇది నీ ఉత్తరమేనా అని కవరు తిప్పి చూశాను.

రెండేళ్ళ కిందట నేను అత్తయ్య వినకుండా, "ఇంక రాడేమో" అన్నందుకు నాతో వారం రోజులు మాట్లాడనిది నువ్వు కాదా? ఇప్పుడు మూడు ముక్కల్లో చేసుకో, దరఖాస్తు పెట్టు అంటున్నావు. ఒక జోకు లేదు, ఎవరినీ ఆడిపోసుకోలేదు. నీకేం జరిగింది? ఎర్విన్ గురించి ఏమైనా విన్నావా? ఆ బండి దిగినవాళ్ళలో నిజం సిపాయిలు ఉన్నారా, ఎవరైనా చెప్పారా? చనిపోయాడని తెలిస్తే చెప్పు, తట్టుకుంటాను. అత్తయ్యకి నేను చెప్పుకుంటాను.

కోర్టు గుమాస్తాని అడిగాను. దరఖాస్తు నేను పెట్టుకోవచ్చు. తరవాత వాళ్ళు గోడ మీద ప్రకటన అంటిస్తారు, ఈ మనిషి బతికున్నట్టు ఎవరికైనా తెలిస్తే ఫలానా తేదీలోగా చెప్పాలని. తల్లీ, తోబుట్టువూ ఉంటే వాళ్ళు, "అప్పటినుంచి మాకు ఏ కబురూ లేదు" అని ప్రమాణం చేసి రాయాలి. అబద్ధమైతే జైలు. అత్తయ్య రాయకపోతే నా కాగితం ఆ బల్ల మీదే పడి ఉంటుంది.

నేను అడిగినదానికి జవాబు రాయి.

హెడా


హాంబుర్గ్,
4 అక్టోబరు 1948

వదినా,

నువ్వు మూడు ఉత్తరాలు రాశావు, నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు. క్షమించు. పాత నోట్లు రద్దయి కొత్త డబ్బు వచ్చాక కంపెనీ మూతపడినంత పనైంది, రాత్రింబవళ్ళు కూర్చుని సినిమా పూర్తి చేశాం.

నువ్వు దరఖాస్తు పెట్టావని తెలిసి మనసు కుదుటపడింది. నా వాంగ్మూలం దీంతో పంపుతున్నాను. నోటరీ ముందు సంతకం చేశాను. జూలై 1944 నుంచి మా అన్న ఎర్విన్ ఎబెలింగ్ గురించి నాకు ఏ కబురూ లేదు అని రాశాను. నవంబరు ముప్పై గడువు అన్నావు కదా. అమ్మ చేత కూడా ఎలాగైనా రాయించు.

సినిమా మీ ఊరికి కూడా వస్తుందట. చూడొద్దు. నిజంగా చెబుతున్నాను, బాగాలేదు. సగం చీకటి, మాటలు వినపడవు, పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గే వినపడుతుంది. ఇక్కడ జనం మధ్యలో లేచి వెళ్ళిపోతున్నారు. ఆ డబ్బు పెట్టి వెన్న కొనుక్కో. అమ్మని అసలే తీసుకెళ్ళకు, అట్ట చూసి మళ్ళీ ఆశ పెట్టుకుంటుంది. నా మాట విను.

కేతె


గోస్లార్,
13 నవంబరు 1948

కేతె,

నిన్న సాయంత్రం సినిమా చూశాను.

నువ్వు వద్దన్నావు కాబట్టి వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ రొట్టెల కొట్టు ఫ్రౌ కోల్బె గురువారం మొదటాట చూసొచ్చి ఊరంతా చాటింది, మీ ఎర్విన్ సినిమాలో ఉన్నాడని. ఫొటో ఉందనే ఆవిడ ఉద్దేశం. లాండ్రీలో ఆడవాళ్ళు నన్ను వదల్లేదు, ఎనిమిది మందిమి కలిసి వెళ్ళాం.

స్టేషన్ సీను వచ్చింది. పొగ, ఆడవాళ్ళు, అట్టలు. కెమెరా నెమ్మదిగా జరుగుతూ నీ దగ్గర ఆగింది. నీ మొహం సగం అట్ట వెనక ఉంది. ఎర్విన్ ఫొటో, పేరు, నంబరు, అన్నీ అత్తయ్య అడిగినట్టే చదవగలిగేలా ఉన్నాయి. హాల్లో మనవాళ్ళంతా ఒక్కసారిగా, "అదిగో ఎర్విన్, అదిగో" అని వేళ్ళు చూపించారు. ఫ్రౌ కోల్బె రెండోసారి వచ్చింది, నా భుజం తడుతూ ఏడుస్తోంది.

అప్పుడు అట్ట ముందునుంచి ఒక మనిషి నడిచాడు. గడ్డం, చెవుల దాకా లాగిన టోపీ, భుజాన మూట. ఫొటో పక్కకి రాగానే మెడ కుడివైపుకి తిప్పి గడ్డం పైకెత్తాడు, కాలరు కోస్తున్నట్టు.

నేను లాండ్రీ మనిషిని కేతె. ఊళ్ళో అందరి చొక్కాల కాలర్లకి గంజి పెడతాను, ఎర్విన్ చొక్కాలకి మాత్రం పెట్టేదాన్ని కాదు. గంజి పడదు, పెడితే రోజంతా అలా మెడ తిప్పుతూనే ఉండేవాడు. పెట్టకపోయినా అలవాటు పోలేదు. పెళ్ళిలో పాస్టరు ముందు నిలబడి కూడా అలాగే తిప్పాడు.

అతను తలెత్తి నీ వైపు చూశాడు. తల అడ్డంగా కొంచెం ఊపాడు. నువ్వు అట్టని ఇంకా పైకెత్తి మొహం పూర్తిగా దాచేసుకున్నావు. అతను వెళ్ళిపోయాడు. ఎంతసేపు? అయిదు క్షణాలు ఉంటుందేమో. హాలంతా ఫొటో వైపు వేళ్ళు చూపిస్తూనే ఉంది. కింద నడిచిన మనిషిని ఒక్కరు చూడలేదు.

తరవాత సినిమాలో ఏం జరిగిందో నాకు తెలియదు. లేచి బయటికి రాబోయి మళ్ళీ కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న పిల్ల, "పాపం హెడాకి దుఃఖం వచ్చింది" అని అందరికీ చెప్పింది. దుఃఖం కాదు. నాకు ఏమీ రాలేదు. నా చేతులు నావి కానట్టు ఒళ్ళో పడి ఉన్నాయి.

మార్చిలో నువ్వు అతన్ని చూశావు. అక్టోబరులో నోటరీ ముందు ఏ కబురూ లేదని ప్రమాణం చేశావు. మధ్యలో ఏడు నెలలు మీ అమ్మ ప్రతి బండికీ స్టేషన్‌కి వెళ్ళింది. ఆగస్టులో వానలో తడిసి పది రోజులు జ్వరంతో పడుకుంది, నీకు రాశాను కూడా.

నేనిప్పుడు ఎవరిని? భార్యనా, విధవనా? పై గదిలో బ్రూనో సామాను సర్దుకుంటున్నాడు. అతనికి ఏం చెప్పను?

అతను ఎక్కడున్నాడు? ఎందుకు రాలేదు? ఈసారి మూడు ముక్కలు కాదు, అంతా రాయి. సినిమా ఇంకో పది రోజులు ఆడుతుందట. అత్తయ్య రోజూ అడుగుతోంది.

హెడా


హాంబుర్గ్,
17 నవంబరు 1948

వదినా,

అంతా రాస్తాను. రాశాక నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

ఆ రోజు రైలు దిగే సిపాయిల వేషానికి నలభైమంది కావాలి. విటె గారు రేవు దగ్గర పనికోసం నిలబడ్డవాళ్ళని పిలిపించారు. జీతం ఒక గిన్నెడు బఠాణీ సూపు, రెండు బొగ్గు ఇటుకలు. చీకటితోనే వాళ్ళని బండి ఎక్కించారు, నేను వాళ్ళ మొహాలు చూడలేదు. అట్ట పట్టుకుని నిలబడ్డాను. విటె గారు, "ఏం జరిగినా ఎవరూ ఆగొద్దు, రెండోసారి లేదు" అని అరిచారు. బండి వచ్చింది. దిగుతున్నారు. ఫొటోలో మొహమే ఫొటో ముందు నుంచి నడిచొస్తోంది.

అరుద్దామనుకున్నాను. అతను తల ఊపాడు, నువ్వు చూసిందే. వద్దని. నేను అట్ట పైకెత్తాను. నేను అరిస్తే సీను పాడవుతుందని ఆ క్షణంలో అనిపించింది వదినా, దేవుడి తోడు, అదే అనిపించింది. చచ్చిపోయాడనుకున్న అన్న ఎదురుగా నడుస్తుంటే ఫిల్ము వృథా అవుతుందని అనుకున్నాను. ఆ తరవాత చాలా రోజులు నేను మనిషినేనా అనుకున్నాను.

సూపు దగ్గర పట్టుకున్నాను. అతని పేరు ఇప్పుడు ఎర్విన్ కాదు, ఆ పేరు నేను రాయను. 45 మార్చిలో దళం వదిలి పారిపోయి వచ్చాడు. ఇక్కడ ఒక మంగలి షాపు నడిపే ఆమె తన నేలమాళిగలో ఏడు వారాలు దాచింది. దొరికి ఉంటే మన సైన్యంవాళ్ళే ఇద్దరినీ వీధి దీపానికి వేలాడదీసేవాళ్ళు. యుద్ధం అయిపోయింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. కూతురికి ఇప్పుడు మూడేళ్ళు నిండబోతున్నాయి.

"ఇంటికి ఒక్క ముక్క రాయలేకపోయావా?" అన్నాను. "మొదటి వారం రాద్దామనుకున్నా. రెండో వారం ఏం రాయాలో తెలీలేదు. తర్వాత రాయడానికి సిగ్గేసింది" అన్నాడు. అమ్మ ప్రతి బండికీ వెళ్తోందని చెప్పాను. ఏడ్చాడు. ఏడుస్తూనే సూపు మొత్తం తాగి, గిన్నె రొట్టెతో తుడుచుకున్నాడు. నీ గురించి చెబితే, "నన్ను చచ్చిపోనీ కేతె. హెడాకి అదే మంచిది. దానికి నువ్వే సాయం చెయ్యి" అన్నాడు. బొగ్గు ఇటుకలు కోటు జేబుల్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను అతని మాట విన్నాను. నీకు పెళ్ళవుతుంది, ఎవరికీ తెలియదు, అమ్మ కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకుంటుంది అనుకున్నాను. ఆ ముక్క తీసేద్దామని రెండుసార్లు కత్తెర పెట్టాను. విటె గారు రెండుసార్లూ తిట్టి వెనక్కి అతికించారు, సినిమా మొత్తానికి నిజంగా ఉన్నది అదొక్కటేనని. కానీ నిజం చెప్పనా? ఆ రీలు నా ఒక్కదాని చేతిలో నెల రోజులు ఉంది. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, ఆ ఫిల్ము భగ్గుమంటుంది. చూపించలేకపోయాను. యుద్ధం తరవాత మా అన్న కనిపించేది ఆ అయిదు క్షణాలే.

నేను జైలుకి వెళ్ళాల్సి వస్తే వెళ్తాను. కోర్టుకి ఏం చెప్పాలో నువ్వే నిర్ణయించు. అమ్మని మాత్రం ఆ హాలుకి పంపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

కేతె


గోస్లార్,
23 నవంబరు 1948

కేతె,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివి పొయ్యిలో వేశాను.

ముందు నీ మీద కోపం రాస్తాను, తరవాత జరిగింది రాస్తాను. నన్ను అడక్కుండా మీ ఇద్దరూ కలిసి నా బతుకు తీర్మానం చేశారు. అతను చావడానికి ఒప్పుకున్నాడు, నువ్వు సంతకం పెట్టావు. నేను విధవనయితే నాకు మంచిదట. అప్పుడే నిజం చెప్పి ఉంటే విడాకులు అడిగేదాన్ని, ఆలస్యమైనా తలెత్తుకుని పెళ్ళి చేసుకునేదాన్ని. ఇప్పుడు నిజం చెబితే నువ్వు జైలుకి, ఊరుకుంటే నేను దొంగ పెళ్ళికి. దీన్ని సాయం అనుకున్నావు.

శనివారం బ్రూనోకి అంతా చెప్పాను. పొయ్యి గొట్టం మసి దులుపుతూ విన్నాడు. "మీరు దరఖాస్తు వెనక్కి తీసుకుంటే నేను ఆగుతాను. ఎన్నేళ్ళయినా సరే, రూర్ ఎక్కడికీ పోదు" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, వారం రోజుల తరవాత. సోమవారం కోర్టుకి వెళ్ళి వెనక్కి తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. నీ వాంగ్మూలం గురించి ఎవరూ అడగరు, అత్తయ్యకి ఏమీ తెలియదు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం సినిమా హాలు ఓనరు స్వయంగా ఇంటికి వచ్చాడు. కొడుకు ఫొటో ఉన్న బొమ్మ కదా, తల్లికి ముందు వరసలో కుర్చీ, పక్కన నాకు కుర్చీ, టిక్కెట్టు అక్కర్లేదు అన్నాడు. నేను అత్తయ్యకి ఒంట్లో బాగోలేదన్నాను. ఆవిడ అప్పటికే కోటు వేసుకుని బొత్తాలు పెట్టుకుంటోంది. "నాకేం, రాయిలా ఉన్నాను" అంది.

ఆ సీను వచ్చినప్పుడు నేను తెర చూడలేదు, ఆవిడ మొహం చూశాను. ఫొటో వచ్చింది, హాల్లో చప్పట్లు కొట్టారు. ఆవిడ ముందుకి వంగింది. అతను నడిచాడు. ఆవిడ వంగినదల్లా వెనక్కి జారగిలబడింది. అంతే. కళ్ళు తుడుచుకోలేదు, నా చెయ్యి పట్టుకోలేదు. చివరిదాకా కూర్చుంది. దీపాలు వెలిగాక ఓనరు వచ్చి అడిగితే, "ఫొటో బాగా పడిందండీ, పేరు కూడా చదవొచ్చు" అంది.

ఇంటికి వస్తూ మార్కెట్టు దాటాం. తరవాత, "నీకు ఎప్పుడు తెలిసింది?" అంది.

"పోయిన వారం, శుక్రవారం" అన్నాను.

"అట్ట పట్టుకున్నదానికి?"

నేను నడక వేగం పెంచాను.

"సరే" అంది. నాలుగడుగులు వేసి, "తిండికి లోటున్నట్టు లేదు. బుగ్గలున్నాయి" అంది. నీ ఉత్తరంలో ఉన్నదంతా అక్కడే, వీధిలో, నిలబెట్టి చెప్పించుకుంది. నేలమాళిగ, మంగలి షాపు, పాప. దళం వదిలి పారిపోయాడంటే, "మంచి పని చేశాడు" అంది. దాచిన ఆమె గురించి, "ధైర్యం గల పిల్ల" అంది. పాప గురించి ఏమీ అనలేదు. రాయడానికి సిగ్గేసిందన్నాడని చెబితే ఆ మాట రెండోసారి చెప్పమంది.

నిన్న పొద్దున నేను లేచేసరికి ఆవిడ తయారై కూర్చుని ఉంది. "కోర్టు ఎన్నింటికి తీస్తారు?" అంది. నేను చెప్పాను, అత్తయ్యా, నేను దరఖాస్తు తీసేసుకుంటున్నాను, మీరు రానక్కర్లేదు అని. విననట్టే నా కోటు తెచ్చి చేతికిచ్చింది.

గుమాస్తా ఆవిడని కూర్చోబెట్టి, అబద్ధం చెబితే శిక్ష ఏమిటో చదివి వినిపించాడు. నీకు తెలుసుగా, రేషను కోసం కోళ్ళు లెక్కపెట్టడానికి ఆఫీసరు వస్తే పొదల్లో దాగిన మూడోదాన్ని తనే వెతికి తెచ్చి చూపించిన మనిషి. నేను ఆపాలనుకున్నాను. కుర్చీ వెనక నిలబడి నోరు తెరిచాను కూడా. ఆవిడ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తింది, ఆగమని.

"ఫ్రౌ ఎబెలింగ్, జూలై 1944 తర్వాత మీ అబ్బాయి దగ్గర్నుంచి మీకు ఉత్తరం గానీ, కార్డు గానీ, మనిషి ద్వారా మాట గానీ ఏమైనా వచ్చిందా?"

"లేదు నాయనా. ఒక్క ముక్క రాలేదు" అంది.

"బతికున్నాడని మీకేమైనా ఆశ ఉందా?"

"మొన్నటిదాకా ఉండేది" అంది.

సంతకం పెట్టింది. గుమాస్తా లేచి నిలబడి తన తమ్ముడు కూడా రష్యాలోనే పోయాడని చెప్పి, సంతాపం తెలిపాడు. ఆవిడ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని, "మీ అమ్మగారిని జాగ్రత్తగా చూసుకోండి" అంది. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. అరగంట సేపు ఏడ్చింది, చనిపోయినవాడి కోసం ఏడ్చినట్టే, పేరు పెట్టి పిలుస్తూ. దారిన పోయేవాళ్ళు టోపీలు తీశారు.

నేను ఇది తప్పు అంటే వినలేదు. "నువ్వు అయిదేళ్ళు నా ఇంట్లో నా బట్టలు ఉతికావు. ఇది నీకు నేను ఇవ్వగలిగింది. పొయ్యిలవాడితో వెళ్ళు" అంది. మేము వెళ్తే తనూ మాతో వస్తుందట. ట్రౌడెల్‌కి జడ వెయ్యడం బ్రూనోకి చేతకాదట. నేను ఒప్పుకున్నానా లేదా నాకే తెలియడం లేదు. ఇంకా ఆ హాల్లోనే కూర్చున్నట్టుంది.

ఇవాళ నీకు ఉత్తరం రాస్తున్నానని చెప్పాను, ఏమైనా రాయమంటారా అని అడిగాను. వంటింట్లో క్యాబేజీ తరుగుతోంది. కత్తి ఆపలేదు. ఆవిడ మాటలే రాస్తున్నాను.

"వాడు మళ్ళీ ఎప్పుడైనా ఎదురుపడితే, అమ్మ పోయిందని చెప్పమను. ఎప్పుడు అని అడుగుతాడు. ఆదివారం అని చెప్పమను."

హెడా